ఎండాకాలపు చెరువులో ఊపిరి లెక్క

మే నెలలో నంద్యాల చుట్టుపక్కల ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. కుందూ నది మడుగులు మడుగులుగా మిగులుతుంది. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కేసీ కాలువలో నీళ్లు ఆగిపోతాయి. శ్రీశైలం జలాశయం వెనక్కి జరిగేకొద్దీ ముచ్చుమర్రి వైపు సంగమేశ్వరుడి గుడి శిఖరం, ఆ తర్వాత గోడలు, చివరికి మెట్లు బయటపడతాయి. అదే నెలలో మహానంది కోనేట్లో మాత్రం నీరు తగ్గదు. నల్లమల పాదాల దగ్గర ఉబికే ఆ ఊట గుడి దాటి కింది అరటి తోటలకూ వరిమళ్లకూ పారుతూనే ఉంటుంది. చలికాలంలో ఆ నీళ్లు గోరువెచ్చగా, ఎండాకాలంలో చల్లగా అనిపిస్తాయి. నిజానికి వాటి వెచ్చదనం ఏడాది పొడుగునా పెద్దగా మారదు, మారేది మన చుట్టూ ఉన్న గాలే.

గుడి కోనేట్లో గాలం మాట ఎవరూ ఎత్తరు. ఊట సంగతి చెప్పింది ఎందుకంటే, ఈ కరువు సీమలో ఎండాకాలం చేపలు పట్టాలనుకునేవారు తేల్చుకోవాల్సిన ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఒకే ఎండ కింద ఒక నీటిలో చేప హాయిగా తిరుగుతుంది, ఇంకో నీటిలో నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. ఎందుకు? గాలం, దారం, ఎర అన్నీ దీని తర్వాత మాటలే. ఎండాకాలంలో వెతకాల్సింది ఆక్సిజన్ ఉన్న చోటు. అది దొరికితే చేప దొరికినట్టే.

లెక్క చూద్దాం. జనవరిలో చెరువు నీరు 22 డిగ్రీలు ఉందనుకుంటే లీటరు నీటిలో 8.7 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. మేలో నీరు 32 డిగ్రీలకు చేరితే 7.3 మిల్లీగ్రాములే. అంటే ఆరో వంతు తగ్గిందంతే, ఇందులో కంగారు పడాల్సిందేముందని అనిపిస్తుంది. ఇంకోవైపు చూడండి. చేపకు మనలాగా ఒంట్లో వేడిని ఒకేలా నిలబెట్టుకునే ఏర్పాటు లేదు. నీరు ఎంత వేడెక్కితే దాని ఒళ్లూ అంత వేడెక్కుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు సుమారుగా రెట్టింపవుతుంది. రాబడి ఆరో వంతు పడిపోయి, ఖర్చు రెండింతలైన సంసారం అది. వేసవి చేప బద్ధకంగా ఉందని గాలం వేసేవాళ్లు విసుక్కుంటారు. బద్ధకం కాదు, పొదుపు.

దీనికి తోడు చెరువులో రాత్రీ పగలూ నడిచే వ్యవహారం ఒకటుంది. నాచు, నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే కంటికానని మొక్కలు పగలు ఎండలో ఆక్సిజన్ విడుస్తాయి. రాత్రి అవి కూడా చేపలతో పాటు ఊపిరి పీల్చుకుంటాయి, కానీ ఆక్సిజన్ విడవవు. కాబట్టి ఆకుపచ్చగా చిక్కబడిన చిన్న చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కాదు, తెల్లవారుజామున. సూర్యుడు రాకముందు అలాంటి చెరువు గట్టున నిలబడి చూస్తే బొచ్చెలు, రోహులు నీటి పైపొరకు వచ్చి మూతులు బయటపెట్టి చప్పరిస్తుంటాయి. చెరువు నిండా చేపలు ఆడుతున్నాయని కొత్తవాళ్లు సంబరపడి గాలాలు విప్పుతారు. ఒక్కటీ ఎర ముట్టదు. ఊపిరాడని వాడికి అన్నం పెడితే తింటాడా?

చేపల వేటకు పొద్దున్నే పోవాలనే మాట అందుకే సగం నిజం. వెలుగోడు జలాశయం లాంటి పెద్ద నీటిలో అది చెల్లుతుంది. మహానందికి ఉత్తరంగా, నల్లమల అంచున ఉన్న వెలుగోడు, 1983లో మొదలైన తెలుగుగంగ పథకంలో భాగం, దాదాపు 17 టీఎంసీలు పట్టే జలాశయం. శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా అక్కడికి చేరి, అక్కడి నుంచి కడప జిల్లా బ్రహ్మంసాగర్ వైపు సాగుతుంది. అంత విశాలమైన నీటి మీద రాత్రంతా గాలి ఆడుతుంది, అలలు ఆక్సిజన్‌ను కలుపుతూనే ఉంటాయి. అక్కడ తెల్లవారుజాము చల్లగా, నిమ్మళంగా ఉంటుంది, చేప మేతకు బయల్దేరుతుంది. ఊరి పక్కన నాచుపట్టిన చెరువులో రోహు కోసం పోయేవాళ్లు మాత్రం నా మాట విని సాయంత్రం నాలుగున్నర తర్వాత పోవడం మంచిది. పగలంతా మొక్కలు పోగేసిన ఆక్సిజన్ అప్పటికి నిండుగా ఉంటుంది, ఎండ తగ్గుముఖం పడుతుంది.

లోతు సంగతికొస్తే, ఎండాకాలం చేప చల్లదనం కోసం అడుగుకు పోతుందన్న నమ్మకం మనవాళ్లలో గట్టిది. ఇది పూర్తిగా తప్పు కాదు గానీ చాలాసార్లు మోసం చేస్తుంది. నీరు వేడెక్కితే తేలికవుతుంది. వేడి నీటి విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ: పది డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ పెరిగితే నీరు తేలికయ్యే దానికన్నా, ముప్ఫై డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ పెరిగితే మూడు రెట్లకు పైగా ఎక్కువ తేలికవుతుంది. అందుకే మన దగ్గర పైపొరకూ కిందిపొరకూ రెండు మూడు డిగ్రీల తేడా ఉన్నా, గాలి లేని రోజుల్లో అవి కలవకుండా విడివిడిగా నిలబడిపోతాయి. కింది పొరకు గాలి తగలదు, వెలుతురు సరిగా అందదు. అక్కడ కుళ్లే ఆకూ అలమూ ఉన్న ఆక్సిజన్‌ను కాస్తా తినేస్తాయి. నీరు చల్లగానే ఉంటుంది, అందులో ఊపిరి ఉండదు. లోతైన జలాశయంలో, అందులోనూ గాలి స్తంభించిన వారంలో, ఎరను నేలకు దించి గంటలు గంటలు కూర్చోవడం అంటే చేప లేని గదిలో దీపం వెలిగించుకోవడమే. బెండుకూ గాలానికీ మధ్య దారం పొడుగు మార్చుకుంటూ, ముందు మీటరు, ఆ తర్వాత రెండు, మూడు అంటూ దిగితే చేప ఏ పొరలో ఉందో తెలిసిపోతుంది. బెండు ఈ పనికే ఉంది. చాలామంది దాన్ని చేప కరిచిందో లేదో చెప్పే గంటగానే వాడుకుంటారు.

గాలి వీచే రోజు కథ మారుతుంది. మే చివర, జూన్ మొదట్లో సీమలో పడమటి గాలి జోరు మీద ఉంటుంది. అది పైనీటిని తూర్పు గట్టుకు తోస్తుంది. ఆ నీటితో పాటు సూక్ష్మజీవులు, వాటి వెంట పరిగెలు, పరిగెల వెంట వాటిని తినే వాలుగ లాంటి పెద్దవి చేరతాయి. ఎదురుగాలికి దారం విసరడం కష్టమని అందరూ పడమటి గట్టున, గాలికి వీపు పెట్టి కూర్చుంటారు. కష్టమైన గట్టే మంచిది. అలలు కొట్టి, నురగ లేచే చోట ఆక్సిజన్ కూడా ఎక్కువ. అలాగే ఊట కాలువ నీరు పైనుంచి దూకి చెరువులో కలిసే చోటు వెతకండి. ఊట నీరు భూమిలోంచి వచ్చేటప్పుడు ఆక్సిజన్ తక్కువతోనే వస్తుంది. రాళ్ల మీద పడి, పారి, చిందితేనే దానికి ఊపిరి వస్తుంది. చల్లదనం, ఆక్సిజన్ రెండూ కలిసే చోటు వేసవిలో అంతకన్నా వేరే లేదు.

ఇంతవరకూ చెప్పిన నియమాలన్నిటినీ పక్కకు నెట్టే చేప ఒకటుంది, కొర్రమీను. మొప్పలతో పాటు దాని తలలో, మొప్పల పైన, గాలి పీల్చే గది ఉంటుంది. లీటరు వేసవి నీటిలో ఆక్సిజన్ ఏడు మిల్లీగ్రాముల చిల్లర అనుకున్నాం కదా, లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములుంటుంది. అంత నిండుగా దొరికేచోట కొర్రమీను ముక్కు పెట్టింది. అయితే ఈ సౌకర్యం దానికి కట్టుబాటుగా కూడా మారింది. ఎదిగిన కొర్రమీనును పైకి రాకుండా నీటి అడుగునే ఆపితే, చేప అయి ఉండీ ఊపిరాడక చచ్చిపోతుంది. చెరువు ఎండిపోతే తడి బురదలో దిగబడి వాన కోసం ఎదురుచూస్తుంది. బీటలు వారిన చెరువుల్లో బెస్తవాళ్లు పారలు, గడ్డపారలతో బురద తవ్వి దాన్ని తీయడం సీమలో చూడని ఊరుండదు. సంతలో బేసిన్లో నాలుగు వేళ్ల నీటిలో గంటల తరబడి బతికి ఉండేదీ ఇదే. అందుకే కిలో ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

గాలం వేసేవాడికి ఇందులో పనికొచ్చే ముక్క పైకి రావడం. తూటికాడ మధ్య, తామరాకుల సందుల్లో చూపు నిలిపి కూర్చోండి. ఒక చోట చిన్నగా గుటక వేసిన చప్పుడవుతుంది, నీటి మీద గుండ్రంగా ఒక వలయం విచ్చుకుంటుంది, అంతే. అరచేతి వెడల్పు తల ఒక్క క్షణం నల్లగా మెరిసి మాయమవుతుంది. వలయం చేసిన చేప అక్కడే ఉందని అనుకోకండి. ఊపిరి తీసుకుని నెమ్మదిగా నీడలోకి జరుగుతుంది. వలయానికి అవతల నాలుగు అడుగుల దూరంలో ఎర వేసి, అది ఉన్న నీడ మీదుగా లాక్కురావాలి. నడిమధ్యాహ్నం బొచ్చెలూ రోహులూ పని మానుకున్న వేళ కూడా దీనికి మేత మీద ఆసక్తి ఉంటుంది. కారణం మళ్లీ ఆక్సిజన్ లెక్కే.

దీనికి మన ఊళ్లలో పాత పద్ధతి వెదురు కర్రకు బలమైన దారం కట్టి, గాలానికి కప్పపిల్లను గుచ్చి ఆకుల మీద ఆడించడం. ఇప్పుడు బోలుగా, మెత్తటి రబ్బరుతో చేసిన కప్పలు దొరుకుతున్నాయి. వాటి గాలాల మొనలు పైకి తిరిగి, ఒంటికి ఆనుకుని ఉంటాయి గనక తూటికాడలో చిక్కుకోవు. చేప నోరు మూసి నొక్కినప్పుడే రబ్బరు అణిగి మొనలు బయటికొస్తాయి. ఇది తెలిస్తే ఇంకో రహస్యం తెలిసినట్టే: నీళ్లు చెదిరిన మరుక్షణం కర్ర ఎత్తేయకూడదు. కొర్రమీను ఆకుల కిందినుంచి నోరు తెరిచి నీటితో సహా ఎరను లాక్కుంటుంది. ఆ నోరు మూతపడి, ఎర నొక్కుకుని, చేప తల తిప్పేదాకా ఆగాలి. దారంలో బరువు తెలిశాక లాగాలి. నిజం కప్ప కన్నా రబ్బరు కప్పకే నా ఓటు. పొలంలో పురుగును తినే కప్పను చేప కోసం గుచ్చడం రైతు ప్రాంతంలో తెలివైన పని కాదు.

దారం విషయంలో రెండు ముక్కలు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. ఒంటిపోగు నైలాన్ దారం సాగుతుంది, బలంగా లాగితే నాలుగో ఐదో వంతు దాకా. తెరిపి నీటిలో రోహుకు ఈ గుణం మంచిది, చేప తటాలున గుంజినా దారం ఆ దెబ్బను మింగుతుంది, మెత్తటి మూతి చిరగదు. తూటికాడలోని కొర్రమీనుకు ఇదే లోపం. దారం సాగే లోపల అది కాడల్లోకి దూరి ముడి వేస్తుంది. అక్కడ పాలిథీన్ పోగులతో అల్లిన, దాదాపు సాగని దారం కావాలి, ముప్ఫై నలభై పౌండ్ల బలంతో. కర్ర ఆరున్నర ఏడు అడుగులు, గట్టిది. ఎండలో వదిలేసిన నైలాన్ పెళుసుబారుతుంది, మన ఎండకు మరీ త్వరగా. గట్టున పడేసి ఇంటికొస్తే అది కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది కూడా. వాడని దారాన్ని నీడలో దాచండి, తెగినదాన్ని వెంట తెచ్చేయండి. వేల రూపాయల రీలు కొనేవారితో నాకు గొడవ లేదు గానీ, చేప ఉన్న చోటు తెలియనివాడికి ఆ రీలు దారం చుట్టుకునే డబ్బా మాత్రమే.

రోహు, ఎర్రమోసు, బొచ్చెలకు మన సీమ దగ్గర మంచి ఎర చవకగా ఉంది, గానుగాడిన వేరుశనగ చెక్క. నానబెట్టి, జొన్నపిండితో కలిపి ముద్ద చేయండి. చేపలకు వాసన, రుచి తెలిపే కణాలు చాలా చురుకైనవి, ముఖ్యంగా నీటిలో కరిగే అమైనో ఆమ్లాలకు. చెక్కలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి, నానేకొద్దీ ఆ వాసన నీటిలో పాకుతుంది. మట్టి కలిసిన చెరువులో కంటికి కనబడే ఎరకన్నా ఇలా ముక్కుకు తగిలే ఎర ముందుంటుంది. మరీ గట్టి ముద్ద కరగదు, మరీ వదులుది విసరగానే ఊడుతుంది. నీటిలో పదినిమిషాల్లో అంచులు మెత్తబడేటట్టు ఉంటే చాలు.

ఇక సందడి. ఎండాకాలంలో నీళ్లుండే చోటు సీమలో తక్కువ గనక అందరూ అక్కడే చేరతారు. అవుకు జలాశయంలో పర్యాటకుల పడవలు, పెద్ద జలాశయాల్లో వలలు, పుట్టిలు, సెలవుల్లో పిల్లల ఈతలు, మధ్యాహ్నం ఎనుములు. ఇంత గోలలో చేప ఉంటుందా అని అడుగుతారు. ఉంటుంది, కానీ దాని లెక్క మారుతుంది. 2008లో కెనడా శాస్త్రజ్ఞులు గ్రాహం, కుక్ లార్జ్‌మౌత్ బాస్ అనే చేప గుండె కొట్టుకోవడాన్ని పడవల చప్పుడు మధ్య కొలిచారు. తెడ్డు వేసే చిన్న పడవ పోతే గుండె మామూలు స్థితికి రావడానికి పావుగంట పట్టింది. బ్యాటరీ మోటారుకు 25 నిమిషాలు, పెట్రోలు మోటారుకు 40 నిమిషాలు. ఆ చేప మనది కాదు, అమెరికా వాళ్లు పండగలా వేటాడే చేప. మన చేపల అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ పనికొచ్చే సంగతి ఇందులో ఉంది: చేప పారిపోకపోయినా, ఉన్నచోటే లోలోపల ఖర్చు పెట్టేస్తుంది. వేసవిలో ఆ ఖర్చుకు ఆక్సిజన్ కరువు. కాబట్టి మోటారు పడవ పోయిన వెంటనే దాని బాటలో ఎర వేయడం దండగ. ఒక ముప్పావుగంట వేరే చోట గడపండి.

చప్పుడంటే మాటలు కాదు. గట్టున మాట్లాడకూడదని పెద్దవాళ్లు పిల్లలను గద్దిస్తారు గానీ, గాలిలోని ధ్వనిలో వెయ్యో వంతు మాత్రమే నీటిలోకి దిగుతుంది. అదే గట్టు మీద దబదబ నడిచినా, పడవలో బకెట్టు కింద పెట్టినా ఆ అదురు నేరుగా నీటికి అందుతుంది, అక్కడ సెకనుకు కిలోమీటరున్నర వేగంతో పోతుంది. చేప పక్కల వెంట తల నుంచి తోక దాకా ఉండే గీతలో ఈ అదురును పసిగట్టే కణాలుంటాయి. కబుర్లు చెప్పుకోండి, చెప్పులు విడిచి మెత్తగా నడవండి. నిలబడకండి కూడా. నీటిలోని చేపకు పైలోకమంతా తలపైన ఒక గుండ్రటి కిటికీలోంచి కనబడుతుంది. మీటరు లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు రెండుంపావు మీటర్లు. గట్టున నిలువెత్తుగా ఉన్న మనిషి అందులో స్పష్టంగా పడతాడు. దూరంగా, కిందుగా కూర్చున్నవాడు కిటికీ అంచున నలిగి, ఆనవాలు పట్టరాకుండా పోతాడు.

ఎనుములను తిట్టకండి. అవి బురద కలిపిన చోట పురుగులు పైకి లేస్తాయి. మంద గట్టెక్కి, నీరు తేరుకోవడం మొదలైన వేళ ఆ చుట్టుపక్కల ఎర వేసి చూడండి.

ఇక చట్టం సంగతి. కొర్రమీను జాతి చేప ఒకటి 2002లో అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని క్రాఫ్టన్ ఊరి చెరువులో కనబడి అక్కడ పెద్ద అలజడి రేపింది. అది చైనా వైపు నుంచి వచ్చిన దాయాది. ప్రాణంతో ఉన్న అలాంటి చేపలను దిగుమతి చేయడం, రాష్ట్రం దాటించడం అదే ఏడాది అక్కడ నేరమైంది. అక్కడి పొటోమాక్ నది ఒడ్డున ఉండే మన తెలుగువాళ్లు ఇంటి బెంగతో దాన్ని పట్టి బకెట్టులో ఇంటికి మోసుకెళితే చిక్కుల్లో పడతారు. అక్కడ శత్రువైన ఆ చేపకు దాయాది అయిన మన కొర్రమీను తెలంగాణలో రాష్ట్ర చేప.

మన దగ్గర చట్టం వేరేలా కాపలా కాస్తుంది. చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాలకు లీజుకిస్తారు, జలాశయాల్లో వేటకు మత్స్యశాఖ లైసెన్సు కావాలి. గట్టున కూర్చునే ముందు అడగడం మర్యాద మాత్రమే కాదు, వాళ్ల బతుకు అందులో ఉంది. నల్లమల అభయారణ్యంలోని వాగులు, మడుగులకు పోనే వద్దు, వేట నేరం, పైగా చిరుతలు తిరిగే చోటు. శ్రీశైలం వెనుక నీటిలో మొసళ్లున్నాయి, మోకాటి లోతుకు దిగి దారం విసిరే సరదా అక్కడ మానుకోవాలి. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. ఎండాకాలంలో నీరు కుదించుకుపోయి చేపలన్నీ ఒక్కచోట చేరినప్పుడు ఒక్క తూటా పేలితే చెరువులో విత్తనం కూడా మిగలదు.

చిన్న చేప పడితే వదిలేయాలనుకునేవారు వేసవిలో త్వరపడాలి. ఎక్కువసేపు ఆడించి అలసట పెడితే, ఆ అప్పు తీర్చుకోవడానికి కావాల్సిన ఆక్సిజన్ వేడి నీటిలో దొరకదు. ఈదుకుంటూ పోయినట్టే పోయి, అరగంటకు వెల్లకిలా తేలుతుంది. చేతులు తడిపి పట్టుకోండి, దాని జిగురుపొర చెదిరితే జబ్బులు పట్టుకుంటాయి. గాలాన్ని నీటిలోనే తీయండి. మధ్యాహ్నం నీరు మరీ వేడిగా ఉంటే ఆ రోజు రోహు వేట మానేయడమే మేలు.

ఒక్క మాట మిగిలింది. తొలకరి పడే వేళకు కొర్రమీనులు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అడుగు, అడుగున్నర వెడల్పున నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కనబడుతుంది, అన్నీ ఒక్కసారిగా ఊపిరికి లేచి నీరు బుడబుడమంటుంది. తల్లీ తండ్రీ రెండూ కింద కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా ఏ ఎర లాగినా తండ్రో తల్లో కరుస్తుంది, అది ఆకలితో కాదు, పిల్లలను కాచుకోవడానికి. పట్టడం అతి సులువు. పట్టిన మరుక్షణం పరిగెలు, జెల్లలు ఆ పిల్లలను తినేస్తాయి. ఎర్ర గుంపు కనబడితే దారం చుట్టేసి ఇంకో గట్టుకు నడవండి.